గ్రామనిధికి రాబడి దారులు

గ్రామములో కుళాయి నీరు రెండు దినములు రాకున్నచో జనులు మొదట సర్పంచి యింటికి వత్తురు. పిమ్మట తమ వార్డు సభ్యుని యింటికి వత్తురు. వీధిదీపము వెలుగకున్నను, మురుగు కాలువ పొంగి వీధిలోనికి వచ్చినను అంతే. ఢిల్లీలో ఏ శాసనము వచ్చినదో, ఏ సంఘము ఏ సిఫార్సు చేసినదో వారు అడుగరు. అడుగవలసిన పనియు లేదు. కాని ఆ మోటారు నడుచుటకును, ఆ దీపము వెలుగుటకును కావలసిన పైకము చాలవరకు ఆ దూరపు నిర్ణయముల మీదనే ఆధారపడి యున్నది. ఈ సంబంధమును ఎరిగిన సభ్యుడు ప్రజలకు సరియైన సమాధానము చెప్పగలడు. ఎరుగని సభ్యుడు "నిధులు రాలేదు" అను ఒక్క మాటతో సరిపెట్టుకొనవలసి వచ్చును.

పంచాయతీకి పైకము ఏ దారుల వెంట వచ్చునో, దేశ ఆర్థిక విధానము ఆ దారులను ఎట్లు వెడల్పు చేయునో, ఎట్లు ఇరుకు చేయునో, సభ్యులు చేయవలసినదేమో ఈ పాఠములో వివరించుచున్నాము.

1. పంచాయతీకి అధికారము ఎట్లు వచ్చినది?

మన ప్రాంతములో గ్రామ పంచాయతీ క్రొత్తది కాదు. ఆంధ్ర ప్రాంతమున 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టమును, తెలంగాణమున 1956 నాటి హైదరాబాదు గ్రామ పంచాయతీల చట్టమును అమలులో నుండెను. ఈ రెంటికి బదులు 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము వచ్చినది. అయితే ఆ రోజులలో పంచాయతీ ఉండుటయు, ఊడుటయు రాష్ట్ర ప్రభుత్వముల ఇష్టముపై ఆధారపడి యుండెను. ఎన్నికలు ఏండ్ల తరబడి వాయిదా పడిన సందర్భములు పెక్కులు.

1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఈ స్థితిని మార్చినది. ఐదేండ్లకొకసారి ఎన్నిక జరిగి తీరవలెనని రాజ్యాంగమే శాసించినది. తాగునీరు, పారిశుధ్యము, రోడ్లు, చిన్న నీటివనరులు మున్నగు 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. పన్నులు విధించు అధికారమును రాష్ట్ర శాసనసభలు పంచాయతీలకు ఇయ్యవచ్చునని 243-హెచ్ అధికరణము చెప్పుచున్నది. ఐదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమింపవలెనని 243-ఐ అధికరణము చెప్పుచున్నది. ఈ సవరణను అనుసరించి మన రాష్ట్రములో 1994లో పంచాయతీరాజ్ చట్టము చేయబడినది. తెలంగాణ రాష్ట్రము 2018లో తనకు వేరొక చట్టము చేసికొన్నది.

2. మూడు దారులు

పంచాయతీ రాబడిని మూడు దారులుగా విభజించి చూచుట సులభము.

మొదటిది స్వంత రాబడి. ఇంటిపన్ను, నీటి రుసుము, ఊరిలో కొలిచి, తూచి, లెక్కించి అమ్మెడు పంటపై కొలగారము లేక కాటారుసుము, సంత ఆశీలు, చెరువులో చేపల పాట, పంచాయతీ దుకాణముల అద్దె, బందెలదొడ్డి రుసుము మొదలైనవి ఈ తరగతిలోనివి. రెండవది రాష్ట్ర ప్రభుత్వము వసూలుచేసి పంచాయతీకి పంచి యిచ్చునది. ఆస్తి బదిలీల స్టాంపు సుంకముపై అదనపు రుసుము, గనుల సీనరేజిలో వాటా ఇట్టివి. మూడవది కేంద్ర ఆర్థిక సంఘపు గ్రాంటు.

ఈ మూటిలో ఏది ఎంత? దేశమునందలి పంచాయతీల ఆదాయ వ్యయములపై రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో ఒక నివేదికను వెలువరించినది. 2022-23లో ఆ నివేదికకు ఎక్కిన పంచాయతీల మొత్తము రాబడి సుమారు 35 వేల కోట్ల రూపాయలు. అందులో స్వంత పన్నుల వలన వచ్చినది సుమారు 737 కోట్లు మాత్రమే. అనగా నూరు రూపాయలలో రమారమి రెండు రూపాయలు. మిగిలిన దానిలో అత్యధిక భాగము కేంద్ర, రాష్ట్రముల గ్రాంటులు.

"ఎరువు సొమ్ము బరువు చేటు" అని మన పెద్దల మాట. గ్రాంటు అప్పు కాదు. అది రాజ్యాంగము కల్పించిన హక్కు. అయినను ఇతరుల చేతిమీదుగా రావలసిన సొమ్మునకు షరతులుండును, ఆలస్యములుండును. నూటికి తొంబది పాళ్లు దానిపైననే ఆధారపడిన పంచాయతీ, ఆ సొమ్ము నిలిచిన దినమున తానును నిలిచిపోవును.

3. ఆర్థిక సంఘపు గ్రాంటు, దాని షరతులు

రాజ్యాంగములోని 280వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి ఐదేండ్లకొకసారి ఆర్థిక సంఘమును నియమించును. కేంద్రము వసూలుచేసిన పన్నులలో రాష్ట్రములకు ఎంత వాటా ఇయ్యవలెనో ఆ సంఘము నిర్ణయించును. 73వ సవరణ తరువాత పంచాయతీల నిధులను పెంపొందించు మార్గములను సూచించుట కూడ దాని పనియైనది.

పన్నుల వాటాకును, పంచాయతీల గ్రాంటుకును ఒక భేదము కలదు. పన్నుల వాటా నూటికి ఇంత అని చెప్పబడును గనుక, దేశములో వ్యాపారము తగ్గి పన్నులు తగ్గిన యేట వాటాయు తగ్గును. పంచాయతీల గ్రాంటు ఐదేండ్లకును రూపాయలలో ముందుగనే చెప్పబడును. ఇది ఒక విధమున భద్రత. కాని సిమెంటు ధర, విద్యుత్తు ధర, కూలి పెరిగినకొలది అదే గ్రాంటుతో జరుగు పని తగ్గిపోవును.

రిజర్వు బ్యాంకు పూర్వ గవర్నరును, తెలుగువారును అయిన డాక్టరు వై. వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన పదునాల్గవ ఆర్థిక సంఘము 2015-20 కాలమునకు గ్రామ పంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయలకు మించి సిఫార్సు చేసినది. అందులో నూటికి 90 పాళ్లు ప్రాథమిక గ్రాంటు. 10 పాళ్లు పనితీరును బట్టి ఇచ్చునది. ఈ 10 పాళ్లు పొందుటకు ఆడిట్ అయిన లెక్కలను సమర్పించుటయే గాక, గడచిన సంవత్సరము కంటె స్వంత రాబడి పెరిగినట్లు కూడ చూపవలసి యుండెను.

పదునైదవ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు ఐదేండ్లకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలను సూచించినది. ఈ గ్రాంటు గ్రామ పంచాయతీలకే గాక మండల, జిల్లా పరిషత్తులకు కూడ పంచబడినది. దీని నిబంధనలను సభ్యులు బాగుగా గుర్తుంచుకొనవలెను. మునుముందు వచ్చు గ్రాంటుల ఉత్తర్వులను చదువునప్పుడు ఇవి పోల్చి చూచుటకు ఉపకరించును.

మొదటి నిబంధన ఖర్చును గూర్చినది. గ్రాంటులో నూటికి 60 పాళ్లు నిర్దిష్ట ప్రయోజనములకు కట్టివేయబడినది. అందులో సగము తాగునీటికి, వాననీటి నిల్వకు. రెండవ సగము పారిశుధ్యమునకు. మిగిలిన 40 పాళ్లు గ్రామ అవసరములను బట్టి ఖర్చు చేయవచ్చును గాని, జీతములకును, కార్యాలయ నిర్వహణకును వాడరాదు.

రెండవది లెక్కలను గూర్చినది. 2023-24 నుండి, గడచిన సంవత్సరపు తాత్కాలిక లెక్కలును, అంతకు ముందటి సంవత్సరపు ఆడిట్ లెక్కలును ప్రజలందరు చూచునట్లు కంప్యూటరులో ఉంచిన సంస్థలకు మాత్రమే గ్రాంటు అని నిర్ణయమైనది. కావున కార్యదర్శి బల్లపై మూలబడిన రిజిస్టరు ఒక్కటి ఊరంతటికి రావలసిన సొమ్మును ఆపగలదు.

మూడవది ఎన్నికలను గూర్చినది. ఎన్నికైన పాలకవర్గము లేని పంచాయతీకి ఈ గ్రాంటు లేదు. ఇది కాగితము మీది మాట కాదు. తెలంగాణలో గ్రామ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిసినది. తిరిగి ఎన్నికలు జరిగినది 2025 డిసెంబరులో. ఆ నడుమ కేంద్ర గ్రాంటులు నిలిచి, ప్రత్యేకాధికారుల పాలనలో గ్రామములు ఇబ్బందిపడినవి. మన రాష్ట్రములోను 2018 ఆగస్టులో గడువు ముగిసి 2021 ఫిబ్రవరి వరకు ఎన్నికలు జరుగలేదు. నాడును గ్రాంటుల చిక్కు కలిగినది.

నిబంధనలు పంచాయతీలకే కాదు, ప్రభుత్వములకును గలవు. కేంద్రము నుండి అందిన గ్రాంటును పది పనిదినములలో స్థానిక సంస్థలకు చేర్చవలెను. ఆలస్యమైనచో వడ్డీతో ఇయ్యవలెను. రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమించి, దాని సిఫార్సులపై తీసికొన్న చర్యలను 2024 మార్చిలోగా శాసనసభ ముందు ఉంచవలెనని కూడ పదునైదవ సంఘము కోరినది. మేము ప్రభుత్వోద్యోగులమైనను ఈ మాట దాచవలసిన పని లేదు: గ్రామనిధికి రావలసిన సొమ్ము ఏ స్థాయిలో నిలిచినను, దానిని అడుగు హక్కు సభ్యునికి కలదు.

2026 ఏప్రిల్ నుండి ఐదేండ్ల కాలము పదునారవ ఆర్థిక సంఘపు సిఫార్సులకు సంబంధించినది. ఆ ఉత్తర్వులను కార్యదర్శిచే సమావేశములో చదివించి, ఏ పద్దుకు ఎంత, ఏ షరతుపై అను విషయమును మినిట్సు పుస్తకములో వ్రాయించుకొనుట మంచిది.

4. ఒక ఊరి లెక్క

షరతుల ప్రభావము తెలియుటకు ఒక ఊరిని ఊహించుకొందము. జనాభా 3,000, ఇండ్లు 800. మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందవలెనని 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ నిర్ణయించినది. ఆ లెక్కన ఊరికి రోజుకు 1,65,000 లీటర్లు కావలెను. ఇంత నీటిని తోడి, ట్యాంకు నింపి, సమయమునకు వదలుటకు ఒక మనిషి నిత్యము ఉండవలెను.

ఈ ఊరికి ఏటా 12 లక్షల రూపాయల గ్రాంటు వచ్చుననుకొందము. పదునైదవ సంఘపు నిబంధనల ప్రకారము నీటికి 3,60,000, పారిశుధ్యమునకు 3,60,000, ఇతర పనులకు 4,80,000 రూపాయలు. ఇంటిపన్ను డిమాండు ఇంటికి సగటున 600 రూపాయల చొప్పున 4,80,000. వసూలైనది సగము, అనగా 2,40,000.

పంచాయతీ తన సాధారణ నిధి నుండి ఇయ్యవలసిన జీతములును, కార్యాలయ ఖర్చులును కలిసి 3,60,000 రూపాయలనుకొందము. చేతిలో ఉన్నది 2,40,000. లోటు 1,20,000 రూపాయలు. ఇతర పనుల పద్దులో 4,80,000 రూపాయలు నిల్వ ఉన్నవి. కాని అవి జీతములకు పనికిరావు. ఊరిలో క్రొత్త సిమెంటు రోడ్డు పడును. మోటారు నడుపు మనిషికి మాత్రము నాలుగు నెలల జీతము బకాయి పడును. అతడు పని మానుకొన్న దినమున పైపులు, ట్యాంకు, మోటారు అన్నియు ఉండి నీరు మాత్రము ఉండదు.

ఇంటిపన్ను పూర్తిగా వసూలైనచో జీతములు పోగా 1,20,000 రూపాయలు మిగులును. ఒకే ఊరు, ఒకే గ్రాంటు. ఫలితములో భేదము మాత్రము ఇంత. కావున స్వంత రాబడి మొత్తములో చిన్నదైనను, స్వేచ్ఛగా వాడుకొనదగిన సొమ్ము అదియే. గ్రాంటు ఆస్తిని కల్పించును. స్వంత రాబడి ఆ ఆస్తిని నడిపించును.

5. వస్తు సేవల పన్ను, పంచాయతీ పనులు

2017 జూలై 1వ తేదీ నుండి దేశమంతట వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది. ఇది వర్తకులకు సంబంధించిన విషయమని పంచాయతీ సభ్యులు తలంపరాదు. దీని వలన గ్రామనిధికి నాలుగు విధముల సంబంధము కలదు.

మొదటిది. దీనికొరకు చేసిన 101వ రాజ్యాంగ సవరణ, ప్రకటనలపై పన్నును రాష్ట్ర జాబితా నుండి తొలగించినది. పెద్ద రోడ్ల ప్రక్క ఊళ్లకు ప్రకటన బోర్డుల పన్ను కొంత రాబడిగా నుండెడిది. ఇప్పుడు అట్టి పన్నుకు తావు లేదు. పంచాయతీ స్థలమును బోర్డుకు అద్దెకిచ్చి అద్దె తీసికొనుట వేరు విషయము. మరియొక ప్రక్క, వినోదములపై పన్నును స్థానిక సంస్థలు విధించి వసూలు చేయునంతవరకు మాత్రమే అదే సవరణ నిలిపి యుంచినది. రాష్ట్ర చట్టము అధికారమిచ్చిన మేరకు ఇది పంచాయతీలకు మిగిలిన దారి.

రెండవది. పంచాయతీ చేయించు కాంట్రాక్టు పనులపై పన్ను 2022 జూలై 18 నుండి నూటికి 12 నుండి 18కి పెరిగినది. నాలుగు లక్షల విలువగల పనికి పూర్వము పన్ను 48,000 రూపాయలు, తరువాత 72,000. ఈ 24,000 రూపాయల భేదము గ్రామనిధి నుండియే పోవును. రోడ్డు అంతమేర పొట్టి యగును. ఇక సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 18కి తగ్గినది. పాత ధరలతో తయారైన అంచనా వచ్చినచో, ఈ తగ్గుదల అందులో చేరినదా యని ఇంజనీరును అడుగవలెను.

మూడవది. రెండు లక్షల యేబదివేల రూపాయలకు మించిన కాంట్రాక్టులో, బిల్లు చెల్లించునప్పుడే పన్ను గాక మిగిలిన విలువపై నూటికి రెండు రూపాయలు పట్టి, తరువాతి నెల పదవ తేదీలోగా ప్రభుత్వమునకు జమ కట్టవలెను. 2018 అక్టోబరు 1 నుండి ఈ నియమము అమలులోనున్నది. పట్టకపోయినను, పట్టి కట్టకపోయినను భారము పంచాయతీ మీద పడును.

నాలుగవది. రాజ్యాంగము పంచాయతీకి అప్పగించిన పనుల కొరకు కేవలము సేవను మాత్రమే కొన్నప్పుడు, ఉదాహరణకు చెత్త తీయుటకు ఏజెన్సీ ద్వారా మనుష్యులను తీసికొన్నప్పుడు, పన్ను మినహాయింపు కలదు. అట్టి బిల్లులో పన్ను కనిపించినచో ఎందుకని ప్రశ్నింపవలెను.

6. ఇంటిపన్ను: మొగమాటము, న్యాయము

మేము గ్రామములలో తిరుగునప్పుడు సభ్యులు తరచు చెప్పు మాట యొకటి: "పన్ను అడిగినచో వోటు పోవును." ఇందులో కొంత నిజము లేకపోలేదు. పట్టణములో పన్ను అడుగువాడు పరాయివాడు. పల్లెలో పన్ను వేయువాడును, కట్టువాడును ఒకే వీధిలో నుందురు. ఒకరి యింటి శుభకార్యమునకు మరియొకరు పోవలెను.

కాని పన్ను అడుగకపోవుట అందరిపై దయ చూపుట కాదు. బకాయిల పట్టికను తెరచి చూచిన సభ్యునికి ఒక సంగతి తెలియును. ఒంటిగది యింటి వితంతువు రెండువందల రూపాయలు ప్రతి సంవత్సరము కట్టి రశీదు దాచుకొనును. రెండంతస్తుల మేడ, గోదాము, రైసుమిల్లు, కల్యాణమండపము పేర బకాయి ఏండ్ల తరబడి నిలిచి యుండును; కొన్ని అసలు మద్దింపులోనే ఉండవు. ఇరువదేండ్ల క్రింది పాక స్థానమున డాబా లేచినను రిజిస్టరులో పాక గానే మిగిలియుండుట అరుదు కాదు. అడుగని పన్ను బీదవాని చేతి నుండి కలిగినవాని చేతికి పోయిన సొమ్ము. నీరు ఆగినప్పుడు కలిగినవాడు డబ్బా నీరు కొనుక్కొనును. కట్టిన వితంతువు బిందెతో బావికి పోవలెను.

కావున మొదట చేయవలసినది రేటు పెంచుట కాదు, పట్టిక సరిచేయుట. ఇంటింటికి తిరిగి కొలతలు తీసికొని, క్రొత్త కట్టడములను చేర్చి, కూలిన యిండ్లను తొలగించి, ఆ పట్టికను గ్రామసభలో చదువవలెను. అభ్యంతరములు వినవలెను. పెద్ద బకాయిదారుల నుండి మొదట అడుగవలెను. సభ్యులు తమ ఇండ్ల పన్ను అందరికంటె ముందు కట్టవలెను. ప్రతి రూపాయికి రశీదు ఇయ్యవలెను. వసూలైన సొమ్ముతో ఏమి చేసితిమో పంచాయతీ గోడపై వ్రాయవలెను. కట్టిన సొమ్ము కుళాయిలో కనిపించిన ఊరిలో, మరుసటి సంవత్సరము అడుగుట తేలిక యగును.

ఇంటిపన్నుతో బాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలగు గ్రంథాలయ పన్ను పంచాయతీది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థది. దానిని ఇతర ఖర్చులకు వాడుకొని బకాయి పడుట వలన ఎక్కడనో ఒక పఠనాలయములో పత్రికలు నిలిచిపోవును.

సంత ఆశీలు, చేపల చెరువు, దుకాణముల విషయమున దండోరా వేయించి బహిరంగముగా పాట పెట్టవలెను. పాట పాడువారు ముందుగనే కూడబలుకుకొన్నచో నష్టపడునది ఊరు. గత మూడేండ్ల పాట మొత్తములను అందరికి చదివి వినిపించి పాట ప్రారంభించుట మంచి పద్ధతి.

7. జనాభా లెక్క కూడ రాబడియే

పదునాల్గవ, పదునైదవ ఆర్థిక సంఘములు స్థానిక సంస్థల గ్రాంటును రాష్ట్రముల మధ్య పంచుటకు జనాభాకు నూటికి 90 పాళ్లు, విస్తీర్ణమునకు 10 పాళ్లు విలువ ఇచ్చినవి. లెక్కించినది 2011 జనాభా. ఊరి నుండి వలసపోయిన కుటుంబమును, శివారు తండాలోని గుడిసెను ఎవరు లెక్కింతురో, ఎక్కడ లెక్కింతురో అన్న విషయము పంచాయతీకి సంబంధించినదే. రానున్న జనాభా గణనకు 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా నిర్ణయింపబడినది. గణకులకు శివారు పల్లెలను, కాలనీలను చూపించి సహకరించుట సభ్యుల పని. అట్లని లేనివారిని వ్రాయించుట నేరము. ఉన్నవారిని విడిచిపెట్టుట ఊరికి నష్టము.

8. సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

ఈ పాఠమును వచ్చే సమావేశములో చదివి, ఈ క్రింది ప్రశ్నలకు మీ పంచాయతీ లెక్కల నుండి జవాబులు వ్రాసికొనవలెనని మా మనవి.

(1) గడచిన సంవత్సరము మన పంచాయతీ మొత్తము రాబడిలో స్వంత రాబడి నూటికి ఎంత?

(2) ఇంటిపన్ను డిమాండు ఎంత, వసూలు ఎంత? మొదటి పదిమంది పెద్ద బకాయిదారులు ఎవరు? వారిలో పంచాయతీ సభ్యులు గలరా?

(3) గడచిన సంవత్సరపు లెక్కలు కంప్యూటరులోనికి ఎక్కినవా? ఆడిట్ అభ్యంతరములకు జవాబులు పోయినవా?

(4) మోటారు నడుపువానికి, పారిశుధ్య కార్మికులకు ఎన్ని నెలల జీతము బకాయి ఉన్నది? అది ఏ పద్దు నుండి తీరును?

(5) గ్రాంటు ఒక సంవత్సరము నిలిచినచో మన ఊరి కుళాయి ఎన్ని నెలలు నడుచును?

కడపటి ప్రశ్నకు జవాబు నెలలలో చెప్పగలిగిన పంచాయతీ తన కాళ్లపై నిలిచియున్నట్లు లెక్క. "ఒక్క నెలయు నడువదు" అని జవాబు వచ్చినచో, సమావేశమును ముగింపక, బకాయిల పట్టికను అక్కడనే తెప్పించి చదువుట ప్రారంభింపవలెను.